సైకిల్‌కు ఇన్సూరెన్సా, తొక్కేవాడికా?

నేను షోలాపూర్‌లో తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివినవాణ్ణి. ఆ తర్వాత నేను చదివిందంతా మిల్లు నోటీసు బోర్డూ, ఈ పత్రికే. రాతలో తప్పులుంటే సర్దుకోండి. చెప్పే సంగతి మాత్రం లెక్క చూసుకొనే చెప్తున్నాను.

ఈ జూన్ నెలలో మా మనవరాలికి సైకిల్ కొనడానికి పోయాము. పిల్ల పన్నెండో తరగతికి వచ్చింది. విడి ఘర్కుల్ నుంచి కాలేజీకి చాలా దూరం. ఆటోవాళ్లు నెలకు అడిగే డబ్బు చూసి మా కోడలు సైకిలే నయం అన్నది. గేర్లున్న సైకిల్ ఒకటి పిల్లకు నచ్చింది. ధర 12,600 రూపాయలు. నా మొదటి సైకిల్ 430 రూపాయలు, అది తలచుకొని కాసేపు నోరు మూసుకొని నిలబడ్డాను.

బిల్లు రాసేటప్పుడు షాపతను, "కాకా, ఇన్సూరెన్స్ కూడా వేసేద్దామా? ఏడాదికి 870. రోజుకు రెండున్నర రూపాయలు కూడా పడదు. మీరు తాగే కట్ చహా కంటే తక్కువ" అన్నాడు.

పిల్ల నా మొహం చూసింది. నేను షాపతని మొహం చూశాను. ఏదైనా వస్తువును రోజు లెక్కన చెప్పినప్పుడు నాకు మిల్లులో జాబర్ గుర్తుకొస్తాడు. ఓవర్‌టైం అడిగేటప్పుడు ఆయన "ఒక్క గంటే కదరా" అనేవాడు. నెల లెక్క ఎప్పుడూ చెప్పేవాడు కాదు. నేను, "బాబూ, ఆ కాగితం ఇవ్వు, ఇంటికి తీసుకుపోయి చదివి రేపు చెప్తా" అన్నాను. ఇచ్చాడు, మంచివాడే. చదివి చెప్తానన్న గిరాకీ నేనే మొదటివాణ్ణని నవ్వాడు.

రాత్రి అన్నాలయ్యాక పిల్ల కాగితం చదువుతూ తెలుగులో చెప్పింది, నేను క్యాలెండర్ వెనక రాసుకున్నాను. మా ఇంటామె బీడీలు చుడుతూనే వింటున్నది.

సైకిల్ దొంగతనం పోతే డబ్బులిస్తారు. మంట అంటుకున్నా, వాన వరదలో కొట్టుకుపోయినా, గుద్దుకొని విరిగినా ఇస్తారు. ఇక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత పేజీలో ఇవ్వనివన్నీ ఉన్నాయి. టైరు అరిగితే ఇవ్వరు, పంక్చరైతే ఇవ్వరు. సీటో, లైటో, గంటో ఒక్కటే ఊడబెరుక్కొని పోతే ఇవ్వరు. బయట పెట్టినప్పుడు గుంజకో, కమ్మీకో గొలుసుతో కట్టి తాళం వేసి ఉండాలి, ఉత్త చక్రానికి తాళం వేస్తే లెక్కలోకి రాదు. కిరాయికి ఇచ్చినా, సామాన్లు ఇంటింటికీ చేర్చే పనికి వాడినా ఇవ్వరు. పోయిన రెండు రోజుల్లో చెప్పాలి, పోలీసు ఎఫ్.ఐ.ఆర్. కావాలి, అసలు బిల్లు కావాలి, రెండు తాళంచెవులూ చూపించాలి.

అన్నీ సరిగ్గా ఉంటే ఎంతిస్తారు? అక్కడే మా ఇంటామె చుట్టడం ఆపి చూసింది. ఏడాది నిండిన సైకిల్‌కు నూటికి ఇరవై కోత. రెండేళ్లదానికి ముప్పై కోత. కోత పోగా మిగిలిన దానిలో మొదటి వెయ్యి మనదే. అంటే ఏడాది నిండాక పోతే 12,600లో 2,520 కోత, వెయ్యి మన వాటా, చేతికి వచ్చేది 9,080. రెండేళ్లు నిండాక పోతే 7,820. కట్టే రుసుము మాత్రం రెండో ఏడూ దగ్గర దగ్గర అంతేనని షాపతను ముందే చెప్పాడు.

"అంటే మనకొచ్చేది తగ్గుతది, మనమిచ్చేది తగ్గదు" అన్నది మా ఇంటామె. వెయ్యి బీడీలకు ఎంత ఆకు పడుతుందో, ఎన్ని బీడీలు చాట్‌లో తీసేస్తారో జీవితమంతా లెక్క చూసిన మనిషి. ఆమెకు పాలసీ కాగితం కొత్తేమీ కాదు.

ఇప్పుడు నా సైకిళ్ల సంగతి. కొన్నది 1980 దీపావళికి. అప్పుడు నేను మిల్లులో బద్లీవాణ్ణి, పని దొరికిన రోజే పగారు. సాంచాఖాతాలో మూడో పాళీ దిగితే తెల్లవారి భోంగా మోగేసరికి ఇల్లు చేరాలంటే కాళ్లు పడిపోయేవి. భిషీ ఎత్తి సైకిల్ కొన్నాను. మూడు నెలలు కూడా కాలేదు, సంక్రాంతికి సిద్ధేశ్వరుని గడ్డా జాతరలో పెట్టి లోపలికి పోయి వచ్చేసరికి లేదు. సైకిల్ లేదు గాని భిషీ వాయిదాలు ఇంకా పదకొండు ఉన్నాయి. పదకొండు నెలలు నడుచుకుంటూ పోయి, నడుచుకుంటూ వచ్చి, లేని సైకిల్‌కు డబ్బు కట్టాను. ఆ కోపం ఈ రోజుకూ ఉంది.

తర్వాత కొన్నది పాతది, అది తుప్పు పట్టి పోయింది. మూడోది తొమ్మిదేళ్లు తొక్కాను. మా నాయనను ఆస్పత్రిలో చేర్చిన రాత్రి గేటు బయట పెట్టి తాళం వేయడం మరిచాను, అది పోయింది. అప్పటికి దాన్ని పాత ఇనుముకు వేస్తే రెండు వందలు కూడా రాకపోయేవి. నాలుగోది ఇంకా ఉంది, అట్లాస్. ఆ కంపెనీ సాహిబాబాద్ కార్ఖానా 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినమట. ఆ వార్త విని మా ఖాతాలో పనిచేసిన నలుగురం అశోక్ చౌక్‌లో కూర్చొని చాలాసేపు మాట్లాడుకున్నాము. మూతబడటం అంటే ఏమిటో మాకు ఒకరు చెప్పనక్కర లేదు.

ఇక లెక్క. 870 రూపాయలంటే సైకిల్ ధరలో పద్నాలుగో వంతు కంటే కొంచెం తక్కువ. పద్నాలుగున్నరేళ్లు కడితే ఒక కొత్త సైకిల్ ఖరీదు కట్టినట్టు. నేను సైకిల్ తొక్కింది 45 ఏళ్లు. ఇదే లెక్కన మొదటి నుంచీ కట్టి ఉంటే మూడు సైకిళ్ల ఖరీదు పోయేది. నాకు పోయినవి రెండు. అందులో కొత్తది ఒక్కటే. రెండోదానికి తాళం లేదు కాబట్టి పైసా రాదు. అంటే మూడు సైకిళ్లు ఇచ్చి ఒకటి తెచ్చుకునేవాణ్ణి.

కాని ఇక్కడ నాకే ఒక ఆలోచన వచ్చింది. ఆ మొదటి సైకిల్‌కు ఇన్సూరెన్స్ ఉంటే? ఆ పదకొండు నెలలు నేను నడిచేవాణ్ణి కాదు. 45 ఏళ్ల లెక్కలో నష్టమే, 1981 లెక్కలో మాత్రం లాభమే. అప్పుడు నా దగ్గర ఇంకో సైకిల్ కొనే దారి లేదు. కాబట్టి సైకిల్ ఎంత ఖరీదైనది అని అడిగితే సరిపోదు. రేపు పొద్దున అది లేకపోతే, అప్పు చేయకుండా ఇంకొకటి తెచ్చుకోగలమా అని కూడా ఇంట్లో అడుక్కోవాలి.

మా వాడకట్టులో ఒకతని కొడుకు పుణేలో చదువుతున్నాడు. 58,000 రూపాయల సైకిల్ కిస్తుల మీద కొన్నాడు, హాస్టల్ కింద వంద సైకిళ్ల మధ్య పెడతాడు. వాడు ఇన్సూరెన్స్ తీసుకున్నాడు. వాడు చేసింది నాకు తప్పనిపించలేదు. సైకిల్ పోయినా కిస్తు పోదు కదా, నాకు భిషీ పోనట్టు. కరెంటు సైకిల్ కొన్నవాళ్లు కూడా ఆలోచించుకోవచ్చు, అందులో బ్యాటరీ ఒక్కటే మామూలు సైకిల్ ఖరీదు చేస్తుంది. కాని బ్యాటరీ ఒక్కటే దొంగిలిస్తే ఇస్తారా అని ముందు అడగండి. ఇస్తామని నోటితో చెప్తే చాలదు, కాగితంలో ఏ చోట ఉందో వేలు పెట్టి చూపించమనండి.

ఇంకొక సంగతి. కరెంటు సైకిల్‌కు ఇన్సూరెన్స్ లేకపోతే పోలీసులు పట్టుకుంటారని ఎవరో షాపువాళ్లు మా చుట్టాలతో చెప్పారట. మోటారు బండికి ఇన్సూరెన్స్ తప్పనిసరి, నిజమే. ఎదుటివాడికి దెబ్బ తగిలితే ఇవ్వడానికి చట్టం పెట్టిన ఇన్సూరెన్స్ అది. కాళ్లతో తొక్కే సైకిల్‌కు ఆ చట్టం లేదు. మోటారు బలం 250 వాట్ల లోపల, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపల ఉండే చిన్న కరెంటు సైకిల్ కూడా మోటారు బండి కింద రాదు. దానికి నెంబరు ప్లేటూ లేదు, లైసెన్సూ లేదు. అంతకు మించి పోయే బండికి అన్నీ కావాలి. ఎవరూ భయపెట్టి అమ్మితే కొనకండి.

ఇన్సూరెన్స్ తీసుకున్నా, లేకున్నా ఒక పని చేయండి. సైకిల్‌ను తలకిందులు చేస్తే పెడళ్ల దగ్గర కడ్డీ కింద నెంబరు కొట్టి ఉంటుంది. కొన్ని సైకిళ్లకు సీటు కింది గొట్టం మీద ఉంటుంది. దాన్ని ఫోనులో ఫొటో తీసుకొని, బిల్లు ఫొటో కూడా తీసుకొని ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి. నాకు సైకిల్ పోయినప్పుడు చౌకీలో నెంబరెంత అని అడిగితే రంగు చెప్పాను. నల్ల సైకిల్ అన్నాను. అప్పట్లో షోలాపూర్‌లో సైకిళ్లన్నీ నల్లవే.

ఇంతవరకు రాసింది వస్తువు సంగతి. నేను ఈ వ్యాసం రాయాలనుకున్నది దీనికోసం కాదు. ఆ రాత్రి కాగితం చివరి పేజీ చదువుతూ మనవరాలు, "తాతా, తొక్కేవాళ్లకు ప్రమాదం అయితే లక్ష రూపాయలని కూడా ఉంది ఇందులో" అన్నది. మా ఇంటామె చేతిలో బీడీ అట్లాగే ఆగిపోయింది. లోపలికి లేచి పోయింది. పిల్లకు అర్థమైంది, ఆమె తమ్ముడి సంగతి గుర్తుకొచ్చిందని.

మా బావమరిది ఎనిమిది సాంచాల కార్ఖానాలో పనిచేసేవాడు, అక్కల్‌కోట్ రోడ్ ఎం.ఐ.డి.సి.లో. టవల్ పని. పన్నెండు గంటల పాళీ. పోగు తెగితే వాడు ముడి వేసేది మీరు చూసి ఉండాలి, రెప్ప కొట్టేలోపల అయిపోయేది, సాంచా ఆగిందా అన్నట్టు మళ్లీ నడిచేది. 2022 ఆగస్టు, వానాకాలం. రాత్రి ఎనిమిదికి పాళీ దిగి సైకిల్ మీద వస్తున్నాడు. రోడ్డు మీద లైట్లు లేవు. వెనక నుంచి టెంపో కొట్టింది. వాడు పక్కకు పడ్డాడు, ఎడమ చెయ్యి చక్రం కింద పోయింది. టెంపో ఆగలేదు. నెంబరు ఎవరూ చూడలేదు. మణికట్టు పైదాకా తీసేశారు. వాడికి అప్పుడు 48 ఏళ్లు.

సైకిల్ సంగతి చెప్పనా? సైకిల్‌కు ఏమీ కాలేదు. హ్యాండిల్ కొంచెం వంగింది, అంతే. మరునాడు నేనే తొక్కుకుంటూ ఇంటికి తెచ్చాను. 

ఆస్పత్రి ఖర్చు చాలావరకు మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన కింద రేషన్ కార్డు మీద జరిగింది, దానికి సర్కారుకు దండం పెట్టాలి. ఇంటికి వచ్చాక మా చెల్లె, అంటే బావమరిది భార్య, పాత పాస్‌బుక్ తెచ్చి, "అన్నా, మేము పన్నెండు రూపాయల ఇన్సూరెన్స్ కట్టినం కదా, అది వస్తది కదా" అన్నది. నిజమే. 2015లో బ్యాంకువాళ్లు మా వాడకట్టులో టేబుల్ వేసుకొని కూర్చొని ప్రధానమంత్రి సురక్షా బీమా ఫారాలు నింపారు. ఏడాదికి 12 రూపాయలు, ఖాతాలో నుంచి దానంతటదే పోతుంది. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. రెండు కండ్లు గాని, రెండు చేతులు గాని, రెండు కాళ్లు గాని పోతే 2 లక్షలు. ఒక కన్ను గాని, ఒక చెయ్యి గాని, ఒక కాలు గాని పూర్తిగా పనికిరాకుండా పోతే 1 లక్ష. వాడు అప్పటి నుంచి ప్రతి ఏడూ ఉన్నాడు. మేమిద్దరం ధైర్యంగా బ్యాంకుకు పోయాము.

కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, మళ్లీ చూసి, "ఈ ఏడు పాలసీ లేదు కాకా" అన్నది. 2022 జూన్ 1 నుంచి ఆ 12 రూపాయలు 20 అయినాయి. మే నెలాఖరుకు మా వాడి ఖాతాలో ఉన్నది 14 రూపాయలు. 20 కోయడానికి చూస్తే లేవు, పాలసీ ఆగిపోయింది. మెసేజ్ పంపామన్నారు. ఆ ఫోను నెంబరు వాడు వదిలేసి రెండేళ్లు. వాడికి తెలిసిందల్లా 12 రూపాయలే. 12కు రెండు ఎక్కువే ఉంచాడు పాపం, 14.

ఆరు రూపాయలు తక్కువైనందుకు లక్ష రూపాయలు రాలేదు. ఆ అమ్మాయిని నేనేమీ అనలేదు, ఆమె కండ్లల్లో కూడా నీళ్లు తిరిగాయి. కాని చెల్లె అక్కడ బెంచీ మీద కూర్చొని చాలాసేపు లేవలేదు. నాకు ఇంకా మనసులో ఉంది, పేదవాని ఖాతాలో ఆరు రూపాయలు తక్కువైతే ఒక మనిషిని పంపి చెప్పించలేరా అని. ఫారాలు నింపించుకునే రోజు టేబుల్ వేసుకొని వాడకట్టు దాకా వచ్చారు కదా.

అందుకని వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి. ఈ బీమా 18 ఏండ్ల నుంచి 70 ఏండ్ల దాకా ఉన్నవాళ్లకు. నాకు 66, ఇంకా నాలుగేళ్లే. ఏడాది జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది. డబ్బు మే నెలలో కోస్తారు. ఖాతాలో ఉంటేనే. ఒక మనిషికి ఎన్ని బ్యాంకుల్లో ఖాతాలున్నా ఒక్కదాంట్లోనే లెక్క. భార్యాభర్తలు ఇద్దరూ ఎవరి ఖాతాలో వాళ్లు కట్టాలి, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. ఆగిపోతే మళ్లీ ఫారం ఇచ్చి 20 రూపాయలు కట్టి నడుమ కూడా చేరవచ్చు, కాని అంతకుముందు జరిగిన ప్రమాదానికి రాదు. ఆస్పత్రి బిల్లు ఈ బీమా ఇవ్వదు. ఎముక విరిగి అతుక్కుంటే ఇవ్వదు. జబ్బుతో పోయినవాళ్లకు ఇవ్వదు, దానికి 436 రూపాయల జీవన్ జ్యోతి బీమా వేరే ఉంది, అది 50 ఏండ్ల లోపల చేరినవాళ్లకే. సైకిల్ షాపువాడి 870 రూపాయల్లో మనిషికి లక్ష. ఇక్కడ 20 రూపాయల్లో రెండు లక్షలు. సైకిల్ మీద ఉన్నా, నడుస్తున్నా, సాంచా దగ్గర ఉన్నా ఒకటే.

బావమరిదికి ఆ తర్వాత ఒక దారి దొరికింది. కోర్టు దగ్గర టైపు కొట్టే పెద్దాయన ఒకాయన చెప్పాడు. కొట్టిన బండి దొరకకపోతే సర్కారు చట్టంలో వేరే ఇంతజాం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి గుర్తు తెలియని బండి కొట్టి చనిపోతే 2 లక్షలు, పెద్ద గాయమైతే 50,000. ప్రాంత్ ఆఫీసులోనో, తహసీల్ ఆఫీసులోనో అర్జీ పెట్టాలి. ఎఫ్.ఐ.ఆర్., ఆస్పత్రి కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్ కావాలి. మేము ఎన్నోసార్లు తిరిగాము, పది నెలలు పట్టింది, 50,000 వచ్చింది. అప్పటికే చెల్లె పుస్తెలతాడు కుదువలో ఉంది, అది విడిపించడానికి చాలావరకు పోయింది. అయినా వచ్చింది. ఆ రాత్రి ఆస్పత్రిలో ఎఫ్.ఐ.ఆర్. రాయించకుండా ఉంటే అదీ వచ్చేది కాదు. "ఎందుకన్నా పోలీసు గొడవ" అని చుట్టాలన్నారు, నేనే పట్టుబట్టాను. 

కొట్టిన బండి దొరికితే సంగతి వేరే. ఆ బండి ఇన్సూరెన్స్ కంపెనీ మనకు ఇవ్వాలి. మనకు ఇన్సూరెన్స్ ఉన్నా లేకున్నా సరే. సైకిల్‌వాడు కూడా మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయవచ్చు. 2019లో చట్టం మార్చి ఆరు నెలల గడువు పెట్టారు కాబట్టి నానబెట్టకండి. బండి డ్రైవరు అక్కడికక్కడ ఐదువేలు చేతిలో పెట్టి రాజీ అంటే ఒప్పుకోకండి. మా వాడకట్టులో అట్ల రెండు వేలకు కాలు అమ్ముకున్నవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు పెద్ద టవల్ కార్ఖానాల్లో, గార్మెంట్‌లో పనిచేసే పిల్లలకు ఒక మాట. పదిమంది, అంతకు ఎక్కువ పనివాళ్లున్న చోట, పగారు 21,000 లోపలైతే ఈ.ఎస్.ఐ. ఉండాలి. ఇంటి నుంచి పనికి పోయేటప్పుడు, పని నుంచి ఇంటికి వచ్చేటప్పుడు దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా పనిలో జరిగినట్టే లెక్కపెట్టాలని 2010లో చట్టంలో చేర్చారు. చెయ్యి బాగై పనికి వచ్చేదాకా పగారులో నూటికి తొంభై ఇస్తారు, శాశ్వతంగా పోతే నెలనెలా ఇస్తారు. మా వాడి కార్ఖానాలో సాంచాలు ఎనిమిది, మనుషులు ఆరుగురు. ఈ.ఎస్.ఐ. లేదు. పక్కన ఉన్న మాలక్‌కు మొత్తం ఇరవై నాలుగు సాంచాలు, ముగ్గురి పేర మూడు బోర్డులు. ఆ బోర్డుల సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇక్కడ రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది.

మళ్లీ సైకిల్ దగ్గరికి. మనవరాలికి ఇంకా 18 నిండలేదు, సెప్టెంబర్‌లో నిండుతాయి. షాపు కాగితంలో మనిషికిచ్చే లక్ష కూడా 18 నిండినవాళ్లకే అని చిన్న అక్షరాల్లో ఉంది, పిల్లే పట్టుకున్నది. అంటే ఎవరు తొక్కడానికి సైకిల్ కొంటున్నామో ఆమెకే అది లేదు. మహారాష్ట్రలో 1 నుంచి 12వ తరగతి దాకా చదివే పిల్లలకు ప్రమాదం జరిగితే రాజీవ్ గాంధీ విద్యార్థి అపఘాత్ యోజన కింద సర్కారు సాయం ఉంది, దానికి ముందుగా డబ్బు కట్టేది లేదు, అర్జీ బడి ద్వారా పోతుంది. ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. బడిలో అడగండి.

తెల్లారి షాపుకు పోయి ఇన్సూరెన్స్ వద్దని చెప్పాను. ఆ 870లో 380 పెట్టి మందపాటి గొలుసు తాళం కొన్నాము. 190కి వెనక ఎర్ర లైటు, 60కి మెరిసే పట్టీలు, చక్రాల పుల్లలకూ బ్యాగుకూ అంటించేవి. మిగిలిన 240 మా ఇంటామె డబ్బాలో వేసింది, నెలకు వంద కలుపుతున్నది. సైకిల్ పోతే దానికి, పోకపోతే టైర్లకు. షాపతను కోపం చేసుకోలేదు. "కాకా, మీరు లైటు అడిగారు, ఎవరూ అడగరు" అన్నాడు. నేనేమి చెప్పాలి? ఆ రాత్రి అక్కల్‌కోట్ రోడ్డులో మా వాడి సైకిల్‌కు వెనక ఏమీ లేదు, ఒక ఎర్ర బిళ్ల కూడా లేదు.

మా బావమరిది ఇప్పుడు టవల్ దుకాణంలో వాచ్‌మన్. మే నెల వస్తే మాత్రం వాడికి ఇంకో పని ఉంటుంది. సంచి పట్టుకొని వాడకట్టంతా తిరిగి పాస్‌బుక్‌లు జమచేస్తాడు. బ్యాంకులో మిషన్ దగ్గర నిలబడి ఒంటి చేత్తో ఒక్కొక్కటే పెట్టి ప్రింట్ తీస్తాడు. వెనకాలవాళ్లు గొణుగుతారు, వాడు పట్టించుకోడు. ఈ మేలో 37 పుస్తకాలు తీశాడు. నాలుగింటిలో ఇరవై రూపాయలు లేవు. సాయంత్రం ఆ నాలుగు ఇండ్లకూ పోయాడు, నేనూ వెంట పోయాను. ముగ్గురు వెంటనే ఇచ్చారు. నాలుగో ఇంట్లో ఒకామె చాటలో ఆకు కత్తిరిస్తూ, "ఇరవయ్యే కదన్నా, రేపు బ్యాంకుకు పోయినప్పుడు వేస్తా తీ" అన్నది.

"రేపు కాదు చెల్లె, ఇప్పుడే ఇయ్యి. నేనే వేసొస్తా" అని వాడు గడపలోనే నిలబడ్డాడు. ఆమె తలెత్తి వాడిని చూసింది, చేతిని చూసింది. చాట పక్కకు పెట్టి లేచి, బియ్యం డబ్బాలో నుంచి యాభై నోటు తీసి ఇచ్చింది.